డంగుసున్నం ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నాక

తాతల నాటి ఇల్లు చేతికొచ్చాక, పడగొట్టి అపార్ట్‌మెంట్‌కు ఇవ్వాలా, బాగు చేయించుకుని ఉండాలా అని తేల్చుకోలేనివాళ్లు మా బంధువుల్లోనే చాలామంది ఉన్నారు. వాళ్లకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. మాది వరంగల్ గిర్మాజీపేటలో 1920ల నాటి భవంతి ఇల్లు. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఇందులోనే ఉంటున్నాను, పిల్లలు ఇక్కడే పెరిగారు. ఇన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం ఇది: ఉండడానికి ఇది చాలా మంచి ఇల్లు. అయితే కట్టిన సరుకుతోనే, అంటే గానుగలో నూరిన డంగుసున్నంతోనే, రిపేర్లు చేయించాలి. మేము పడ్డ ఇబ్బందుల్లో సగానికి పైగా మధ్యలో పూసిన సిమెంటు వల్ల వచ్చినవే.

ఇంటి వయసు మాకు కాగితాల వల్ల తెలిసింది. జాగ కొన్న దస్తావేజు ఉర్దూలో ఉంది, ధర నిజాం రాజ్యపు సొంత నాణెమైన హాలీ సిక్కా రూపాయల్లో ఉంది, సంవత్సరం అప్పటి సర్కారీ లెక్కలో ఫసలీ 1331. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది. దానికి 590 కలిపితే ఇప్పటి లెక్క వస్తుంది, అంటే 1921-22. పాత దస్తావేజులు దాచుకున్నవాళ్లు ఇలా చూసుకోవచ్చు. వరంగల్‌కు రైలు 1886లో వచ్చింది. ఆ తర్వాత ధాన్యం, పత్తి వ్యాపారం పెరిగి ఈ పేటల్లో షావుకార్ల ఇళ్లు లేచాయి. మా ఇల్లు కట్టించిన పెద్దాయన కూడా ధాన్యం వ్యాపారే. వీధి వైపు రెండు అర్రలు గింజలు నిల్వ చేయడానికి కట్టించాడు. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు పెట్టాక వాటినే మిల్లు పనివాళ్లకు కిరాయికి ఇచ్చారని మా అత్తమ్మ చెప్పేది. ఇంటి ముందు భాగం పట్టపగలు కూడా ఎందుకంత చీకటిగా ఉంటుందో అది విన్నాకే అర్థమైంది. అవి మనుషులు ఉండడానికి కట్టిన గదులు కావు.

వీధిలోంచి నాలుగు మెట్లెక్కితే రెండు వైపులా అరుగులు, నడుమ టేకు దర్వాజ, లోపల అడ్డగడియ. దాటగానే గచ్చు, అంటే ఇంటి నడుమ ఆకాశం కనిపించే ముంగిలి. దాని చుట్టూ రాతి దిమ్మెల మీద టేకు స్తంభాలు నిలబెట్టిన వసారా, వసారా వెనక అర్రలు, చివర వంటిల్లు, పెరడు, చేదబావి. గోడలు రెండడుగుల మందం. కింద రాయి, పైన ఇటుక, వాటిని పట్టి ఉంచింది డంగుసున్నం. సున్నం, ఇసుక కలిపి, ఎడ్లు తిప్పే గానుగలో మెత్తగా నూరేవారు. పైపూతలో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. వసారా స్తంభాల మీది పూలు మన వడ్రంగుల చేతిపని. వీధి కిటికీల మీది కమాన్లు, సున్నంతో తీర్చిన తీగలు, రంగు అద్దాలు మాత్రం అప్పటి పట్నం (హైదరాబాద్) ఫ్యాషన్. ఒకే ఇంట్లో ఆ రెండూ పక్కపక్కనే కనిపించడం నాకు ఎంతో ఇష్టం.

వరంగల్‌లో ఇల్లు ఎలాంటిదో మే నెలలో తెలుస్తుంది. బయట 44 డిగ్రీలున్నా మా నడిమి అర్రలో మధ్యాహ్నం మూడింటి దాకా ఫ్యాన్ చాలు. మందపు గోడ వేడిని నెమ్మదిగా పీలుస్తుంది, అది లోపలికి చేరేసరికి పొద్దు గూకుతుంది. రాత్రి గచ్చు మీంచి వేడిగాలి పైకి పోయి ఇల్లంతా చల్లబడుతుంది. పగలు కిటికీలు తెరిచిపెడితే మాత్రం ఈ లాభం ఉండదు. మా అత్తమ్మ పొద్దున తొమ్మిదికల్లా వీధి వైపు తలుపులన్నీ వేయించి, సాయంత్రం గచ్చు మీద నీళ్లు చల్లించేది. ఇప్పటికీ మేము ఆమె పద్ధతే నడుపుతున్నాం. మే చివరికి గోడలే కాగిపోతాయి, రాత్రి పదకొండైనా వేడి దిగదు. అందుకని పిల్లల అర్రలో ఏసీ పెట్టించాం. కప్పు పద్నాలుగు అడుగుల ఎత్తులో ఉండడంతో గది చల్లబడడానికి చాలాసేపు పడుతుంది, కరెంటు బిల్లు కూడా ఎక్కువే. ప్రతి గదికీ ఏసీ కావాలనుకునేవాళ్లకు ఈ ఇల్లు సరిపడదు.

గచ్చు లేని ఇంట్లో నేను ఇక ఉండలేననిపిస్తుంది. సంక్రాంతికి సకినాలు పోసేటప్పుడు వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నా ఇంకా జాగ మిగులుతుంది. బతుకమ్మ పేర్చడం, మిరపకాయలు ఎండబెట్టడం, పిల్లల ఆటలు అన్నీ అక్కడే. వాన పడుతున్నా వసారా మీంచి తడవకుండా ఏ గదికైనా పోవచ్చు. పైన తెరిచి ఉంటుంది కాబట్టి దోమలు, దుమ్ము, ఆకులు కూడా తప్పవు, రోజుకు రెండుసార్లు ఊడవాల్సిందే. ఆ పని ఒక్కరి మీదే పడకుండా ముందే అనుకోవాలి. మా ఇంట్లో చాలా ఏళ్లు అది ఆడవాళ్ల మీదే పడింది.

వెనక భాగానికి బెంగుళూరు పెంకలు. పేరు బెంగుళూరుదే అయినా, మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో చేయడం మొదలుపెట్టిన రకం ఇది. ఒకదాని అంచు ఇంకోదానిలో ఇరుక్కుంటుంది కాబట్టి గూనపెంకల్లా జారిపోవు. కానీ కోతులకు అవేమీ అడ్డం కాదు. మంద దిగిందంటే పెంకలు లేపుతాయి, విసిరేస్తాయి, పగలగొడతాయి. ఏటా మిరుగుకు (మృగశిర కార్తెకు) ముందే మనిషిని ఎక్కించి సర్దించాలి, ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు దొరకడమే కష్టం. ఎక్కడ పాత ఇల్లు పడగొట్టినా పెంకలు కొని పెరట్లో పేర్చుకుంటున్నాం. చివరికి పైన ఇనుప జాలి వేయించాం. చూపుకు బాగుండదు, కానీ అది వేశాక వంటింట్లో కారడం ఆగింది.

ముందు భాగం మిద్దె: టేకు దూలాలు, వాటి మీద దంతెలు (సన్న దూలాలు), పైన ఇటుక, సున్నం. ఇన్నేళ్లలో దూలాలకు చెదలు పట్టలేదు, చేవ టేకు. పాడైనవల్లా గోడలోకి దిగిన కొసలే. మిద్దె మీది తూము మూసుకుపోయి, వాననీళ్లు గోడలోకి ఇంకి రెండు దూలాల కొసలు కుళ్లాయి. కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు, సుత్తితో కొడితే బోలుగా మోగింది.

ఇక సిమెంటు సంగతి. 1980ల్లో, మా మామయ్య హయాంలో, గోడల సున్నం అక్కడక్కడ రాలుతోందని ఒక కాంట్రాక్టర్ నడుమెత్తు దాకా చెక్కేసి సిమెంటు పూశాడు. ఆ కాలపు గోడలకు పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు, నేల తడి ఎప్పుడూ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూతలోని సన్నని రంధ్రాల గుండా ఆ తడి బయటికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేసరికి తడి ఇంకా పైకెక్కి, పూత ముగిసిన చోట బయటపడింది. నేను వచ్చేనాటికి నడుమెత్తు పైన గోడంతా తడితో పాటు వచ్చిన ఉప్పు తెల్లగా పొంగి ఉండేది. దసరాకు రంగులు వేస్తే సంక్రాంతికి పెచ్చులు ఊడేవి, బీరువాలో పట్టుచీరలకు బూజు పట్టేది. వాటర్‌ప్రూఫ్ రంగు వేసిన చోట తడి ఇంకో అడుగు పైకి జరిగింది. పాత ఇల్లు ఇంతే, కూలగొట్టాల్సిందే అని వచ్చినవాళ్లంతా అనేవారు.

పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రీ, గుళ్ల పనులు చేసినవాడు, గోడను తడిమి చూసి "గోడ మంచిగనే ఉన్నదమ్మా, మీద పూసిందే గోడను ఆరనిస్తలేదు" అన్నాడు. ముందు ఒక్క అర్రలో చేసి చూద్దామన్నాడు. సిమెంటంతా చెక్కించి, గోడను ఒక ఎండాకాలం అలాగే వదిలేశాడు. పెరట్లో గుంట తవ్వి సున్నం నానబెట్టించాడు. ఇప్పుడు ఎడ్ల గానుగ ఎక్కడుంది, మోటారుతో తిరిగే రోలులో రుబ్బించాడు. ఇసుక, ఇటుకపొడి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి వానలు తగ్గాక పూత మొదలుపెట్టాడు. ఒక్కో పూతా పలచగా వేసి, తడి గోనెసంచులు కప్పి, అది గట్టిపడ్డాకే తర్వాతది వేశాడు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా రాయవుతుంది, దాన్ని తొందరపెట్టలేం. ఖర్చు సిమెంటు పనికి రెట్టింపు దాకా అయింది, నెలల పాటు ఇల్లంతా దుమ్ము. రెండు వానాకాలాలు చూసి, ఆ అర్రలో ఉప్పు రాకపోయేసరికి, వెనక సామాన్ల గది తప్ప మిగతావి చేయించాం. వాటికి ప్లాస్టిక్ పెయింట్ వేయం, సున్నమే కొడతాం. గోడకు ఆనుకుంటే బట్టలకు తెల్లగా అంటుతుంది, దానికి అలవాటు పడాలి.

అసలు పరీక్ష 2023 జూలైలో వచ్చింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసిన వాన అది, వరంగల్, హనుమకొండల్లో కాలనీలు మునిగిపోయాయి. మా గచ్చు తూములోంచి మోరీ నీళ్లు వెనక్కి తన్ని, అర్రల్లో జానెడు ఎత్తున రాత్రంతా నిలిచాయి. సున్నం పూసిన అర్రలు దసరా నాటికి ఆరిపోయాయి. వెనక సామాన్ల గదికి ఇంకా పాత సిమెంటే ఉంది, సంక్రాంతికి కూడా దాని గోడ పచ్చిగానే ఉంది. ఇల్లు అదే, నీళ్లూ అవే. ఆ తర్వాత మా ఇంట్లో ఈ విషయం మీద వాదన జరగలేదు.

చిన్నచిన్న ఇబ్బందులు చాలానే ఉన్నాయి. వైఫై ఒక గోడ దాటదు. మేకు కొట్టాలంటే డ్రిల్ కావాలి. అప్పట్లో ఇంట్లో బాత్రూం ఉండేది కాదు. తర్వాత ఒక అర్రను ఆనించి కట్టిన బాత్రూం వల్ల ఆ గోడకు చెమ్మ వచ్చింది, ఇప్పుడు దాన్ని తీసేసి పెరట్లో విడిగా కట్టించాం. ఎత్తు గడపలు, మెట్లు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నరకం. మా అత్తమ్మ చివరి రోజుల్లో గచ్చు దాటాలంటే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది, ఆ బాధ నాకు ఇంకా ఉంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. రిపేర్ కోసం లోన్ అడిగితే ఒక బ్యాంకు వాళ్లు జాగకు మాత్రమే ధర కట్టారు, ఇంటికి విలువ ఏమీ లేదన్నారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని ఊరంతా సంతోషపడ్డాం, నేనూ పడ్డాను. కానీ మన తాతలు కట్టి, బతికిన ఇళ్లకు ఏ లెక్కలోనూ చోటు లేదు. మా వీధిలో ఇలాంటివి వరుసగా ఉండేవి, ఇప్పుడు చాలా వరకు పోయాయి. పడగొట్టిన ప్రతిసారీ టేకు దర్వాజలు పాత కలప కొనేవాళ్లు ఎత్తుకుపోతారు, సున్నం, ఇటుక చెరువు గట్ల మీద పోస్తారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇలాంటి ఇల్లు కొనేవాళ్లు, ఉంచుకునేవాళ్లు వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి, ఎండాకాలంలో చూస్తే లోపాలు దాగిపోతాయి. దూలాల కొసలు సుత్తితో కొట్టించి వినండి. మిద్దె మీది తూములు తెరిచి ఉన్నాయా, గోడకు ఏ ఎత్తు దాకా సిమెంటు ఉంది, దాని పైన ఉప్పు ఉందా చూడండి. గోడ నిలువునా పగిలి, ఆ పగులు పైకి పోయేకొద్దీ వెడల్పు అవుతుంటే ఇంజనీరుకు చూపించే దాకా అడ్వాన్స్ ఇవ్వకండి. చెమ్మ, పెచ్చులు, రాలిన సున్నం మాత్రమే ఉంటే భయపడకండి. సున్నం పని తెలిసిన మేస్త్రీని ముందు వెతకండి, ఆయన దొరికాకే ధర మాట్లాడుకోండి.