పాత విండోస్ ఆటలకు లినక్స్ మింట్, వైన్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. 1995 నుంచి 2005 దాకా వచ్చిన విండోస్ ఆటలు ఈరోజు ఆడుకోవాలంటే, నేను చూసినంతలో లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మీద విండోస్ ప్రోగ్రాములను నడిపించే వైన్ అంత నమ్మకమైన దారి ఇంకోటి లేదు. కొత్త విండోస్‌తో కూడా పోల్చి చూసే ఈ మాట అంటున్నాను. అయితే పెట్టిన వెంటనే ఆట మొదలైపోతుందని మాత్రం అనుకోకండి. ఒక్కో ఆటకు ఒక్కో మరమ్మతు ఉంటుంది. అది ఒకసారి సరిగ్గా చేసుకుంటే తర్వాత ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేదు.

తిరుపతిలో కొర్లగుంట వైపు మా ఇల్లు. నా లాప్‌టాప్ పాతదే. మూడో తరం కోర్ ఐ3, అందులోనే ఉండే ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్, 1366x768 తెర. విండోస్ 7కు 2020 జనవరి 14తో సపోర్ట్ ఆగిపోయినప్పుడు లినక్స్‌లో ఒక రకమైన మింట్‌కు మారాను. 2021లో వచ్చిన విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ను ఎలాగూ ఒప్పుకోదు. ఆఫీసు లెక్కలు, ఉత్తరాలు, కరెంటు బిల్లు కట్టడం అన్నీ మింట్‌లో ఇబ్బంది లేకుండా సాగిపోయాయి. మనసు పీకింది ఆటల దగ్గరే. 1997లో వచ్చిన, రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మొదటి భాగం నాకు ప్రాణం. చదువుకునే రోజుల్లో బాలాజీ కాలనీ నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బులిచ్చి ఆడిన ఆట అది. తర్వాత అసలు సీడీ కొనుక్కున్నాను, ఇప్పటికీ బీరువాలో ఉంది. దాన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

వైన్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇది 1993లో మొదలైన ఉచిత ప్రాజెక్టు. 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్డ్ నడిపిస్తున్నారు. 1.0 వెర్షన్ రావడానికి 2008 జూన్ దాకా పట్టింది. ఇది కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ను సృష్టించి దానిమీద విండోస్ ఎక్కించే పద్ధతి కాదు. ఆట విండోస్‌ను ఏం అడుగుతుందో అది వైన్ అందుకుని, లినక్స్‌తో ఆ పని చేయిస్తుంది. అందుకే నా పాత ఐ3 మీద కూడా ఆట నత్తనడక నడవదు.

మింట్‌లో దీన్ని పెట్టుకోవడం సులువే. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వైన్ ఇన్‌స్టాలర్ అనే ప్యాకేజీ ఉంటుంది, దాన్ని ఎక్కిస్తే చాలు. కష్టం ఆ తర్వాతే.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఇన్‌స్టాల్ అయింది, మెనూ వచ్చింది. ఆట మొదలుపెడితే గడ్డి ఊదా రంగులో, నీళ్లు ఎర్రమట్టి రంగులో కనిపించాయి. సెలవులకు చిత్తూరు నుంచి వచ్చిన మా అక్క కొడుకు పక్కనే కూర్చుని "మామా, రంగులన్నీ పోయినాయి చూడు" అన్నాడు. ఇలాంటి తేడా విండోస్ 7లో కూడా చాలామంది చూసే ఉంటారు. కారణం ఏమిటంటే, ఆ కాలపు ఆటలు తెరను 256 రంగుల పద్ధతికి మార్చమని అడుగుతాయి. ఏ అంకె ఏ రంగు అనేది ఆట తన దగ్గరున్న ఒక పట్టికలో రాసుకుని, అవసరాన్ని బట్టి ఆ పట్టికను మారుస్తూ ఉంటుంది. ఇప్పటి తెరలకు, డ్రైవర్లకు ఆ పద్ధతి పోయి చాలా కాలమైంది. మధ్యలో పట్టిక ఒకచోట, బొమ్మ ఒకచోట అయిపోతే గడ్డి ఊదాగా మారిపోతుంది.

దీనికి నాకు దొరికిన మందు సీఎన్‌సీ డీడ్రా. తెరమీద బొమ్మ గీయడానికి ఆట వాడే పాత డైరెక్ట్‌డ్రా (డీడ్రా) ఫైలు స్థానంలో కూర్చునే చిన్న ఉచిత ఫైలు ఇది. 256 రంగుల లెక్కంతా తనే చూసుకుని, తయారైన బొమ్మను ఓపెన్‌జీఎల్ అనే ఇప్పటి గ్రాఫిక్స్ పద్ధతి ద్వారా తెరమీదకు పంపిస్తుంది. ఈ డీడ్రా ఫైలును ఆట ఉన్న ఫోల్డర్‌లో పెట్టాలి. పెట్టినంత మాత్రాన వైన్ దాన్ని తీసుకోదు, తన సొంత డీడ్రానే వాడుకుంటుంది. వైన్ సెట్టింగులుండే వైన్‌సీఎఫ్‌జీ తెరిచి, లైబ్రరీస్ అనే ట్యాబ్‌లో డీడ్రా పేరు చేర్చి, నేటివ్ (మనం పెట్టినది) ముందు, బిల్టిన్ (వైన్ సొంతది) తర్వాత అని చెప్పాలి. చాలామంది ఈ ఒక్క అడుగు వదిలేసి పని చేయలేదని వాపోతుంటారు. ఇది పెట్టాక గడ్డి పచ్చగా, నీళ్లు నీలంగా వచ్చాయి. అప్పటి నుంచి ఒక్కసారి కూడా రంగు చెదరలేదు.

దాని పక్కనుండే సెట్టింగుల ఫైలులో రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, తెర నిష్పత్తి. ఈ ఆట ఇచ్చే పెద్ద సైజు 1024x768. నా తెర ఎత్తు కూడా సరిగ్గా 768 కాబట్టి, నిష్పత్తిని కాపాడమని చెబితే బొమ్మ గీత కూడా మసకబారకుండా, అటూ ఇటూ నల్లటి పట్టీలతో నిలబడుతుంది. తెర నిండా సాగదీస్తే గుర్రాలు పొట్టిగా, లావుగా కనిపిస్తాయి, నాకు నచ్చలేదు. రెండోది ఫ్రేముల పరిమితి, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు గీయాలనే హద్దు. పాత ఆటలు ఏ పనీ లేకపోయినా ప్రాసెసర్ కోర్ ఒకదాన్ని మొత్తం తినేస్తాయి. తిరుపతి ఎండల్లో, అదీ మే నెలలో, ఫ్యాన్ ఆగకుండా మోగుతుంటే లాప్‌టాప్ ఒడిలో పెట్టుకోలేం. ఫ్రేములకు 60 అని హద్దు పెట్టాక వేడి బాగా తగ్గింది.

ఏదైనా ఆట తెరుచుకోకపోతే ఐకాన్ మీద మళ్లీ మళ్లీ నొక్కడం వల్ల లాభం లేదు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి అక్కడి నుంచి నడపండి. వరసగా బోలెడు లైన్లు వచ్చి పడతాయి, చూసి టెన్షన్ పడకండి. ఫిక్స్‌మీ అని మొదలయ్యే లైన్లు వైన్ రాసేవాళ్లు తమకోసం పెట్టుకున్న గుర్తులు. ఎక్కువభాగం వాటితో మనకు పని ఉండదు. ఎర్ అని మొదలయ్యే లైన్లు చదవాలి. ఫలానా డీఎల్ఎల్ (ప్రోగ్రాముకు కావాల్సిన సహాయక ఫైలు) దొరకలేదు అని పేరుతో సహా అక్కడే ఉంటుంది. ఎంఎఫ్‌సీ 42 దొరకలేదు అంటే, ఇలాంటి ఫైళ్లను వైన్‌లోకి ఎక్కించే వైన్‌ట్రిక్స్ తెరిచి అదే పేరున్నది ఎక్కిస్తే సరిపోతుంది. గుడ్డిగా పది డీఎల్ఎల్‌లు ఎక్కించేసే అలవాటు మాత్రం మంచిది కాదు. ఒక్కటి మార్చి, నడిపి చూసి, తర్వాతే ఇంకోటి మార్చండి. లేకపోతే ఏది బాగుచేసిందో, ఏది పాడుచేసిందో ఎప్పటికీ తెలియదు.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ప్రిఫిక్స్ గురించి. వైన్ మామూలుగా అన్ని ప్రోగ్రాములనూ ఒకే ఉత్తుత్తి సీ డ్రైవ్‌లో పెడుతుంది. ఆ డ్రైవ్, దాని సెట్టింగులు ఉండే చోటే ప్రిఫిక్స్. ఒక ఆట కోసం చేసిన మార్పు ఇంకో ఆటను పడగొడుతుంది. ఉమ్మడి కాపురంలో ఒకరి కోసం ఫ్యాన్ పెంచితే ఇంకొకరికి జలుబు చేసినట్టు. ఆటకో ప్రిఫిక్స్ విడిగా పెట్టండి. పాత ఆటలకు దాన్ని 32 బిట్‌గా తయారు చేయండి. ప్రిఫిక్స్ అంటే చివరికి ఒక ఫోల్డరే. అంతా సరిగ్గా నడుస్తున్నప్పుడు దాన్ని మొత్తంగా కాపీ చేసి దాచుకుంటే చాలు. వైన్ కొత్త వెర్షన్ రాగానే ప్రిఫిక్స్‌ను తనకు తగ్గట్టు మార్చేసుకుంటుంది, అక్కడి నుంచి పాత వెర్షన్‌కు తిరిగి రావడం కష్టం. ఆ కాపీ ఉంటే దిగులు లేదు.

మన భాషవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. మా అక్క కొడుకు తన కంప్యూటర్‌లో ఫోల్డర్లన్నిటికీ తెలుగులోనే పేర్లు పెట్టుకుంటాడు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ 'ఆటలు' అనే ఫోల్డర్‌లో ఈ పాత ఆట పెడితే తన ఫైళ్లే తనకు దొరకవు. ఆ కాలపు ప్రోగ్రాముల్లో చాలావి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే ఉమ్మడి పద్ధతి) వాడవు, కోడ్ పేజీలు అనే పాత పద్ధతిలో అక్షరాలు చదువుతాయి. విండోస్‌లో తెలుగుకు అలాంటి పాత కోడ్ పేజీ అసలు లేదు, మన లిపి నేరుగా యూనికోడ్‌తోనే వచ్చింది. అందుకని ఆ పేరు ఆట కంటికి ప్రశ్నార్థకాల వరసలా పడుతుంది. వైన్ తప్పు ఇందులో ఏమీ లేదు. మీ పత్రాలకు, ఫొటోలకు తెలుగు పేర్లు నిక్షేపంగా పెట్టుకోండి. పాత ఆట ఉండే దారిలో మాత్రం అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే ఉండాలి.

సంగీతం సంగతి వేరే కథ. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పాటలు సీడీలోనే ఆడియో ట్రాకులుగా ఉంటాయి. సీడీ అందుబాటులో లేకపోతే ఆట మిడీ ఫైళ్లు వాయిస్తుంది. వాటిలో శబ్దం ఉండదు, ఏ స్వరం ఎప్పుడు వాయించాలో మాత్రమే ఉంటుంది. సీడీని ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా కాపీ చేస్తే డేటా మాత్రమే వస్తుంది, ఆడియో ట్రాకులు రావు. ఆడియో కూడా రావాలంటే బిన్, క్యూ అనే ఫైళ్ల జతగా తీయాలి. ఇక మిడీ అంటారా, విండోస్‌లో దాన్ని వాయించే సాఫ్ట్‌వేర్ ముందే ఉంటుంది కాబట్టి మనకు ఆ ఊసే తెలియదు. లినక్స్‌లో మనమే పెట్టుకోవాలి. మిడీని వాయించే ఫ్లూయిడ్‌సింథ్, దానితోపాటు వాద్యాల శబ్దాలతో సుమారు 140 ఎంబీ ఉండే ఫ్లూయిడ్ ఆర్3 సౌండ్‌ఫాంట్ ఎక్కించాను. ఫ్లూయిడ్‌సింథ్‌ను వైన్ కంటే ముందే నడపాలి, ఆట తెరిచాక నడిపితే వైన్ పట్టించుకోదు. ఇది కుదిరాక వచ్చిన సంగీతం, నిజం చెబుతున్నాను, నెట్ సెంటర్ స్పీకర్లలో విన్నదానికంటే నిండుగా ఉంది.

నేను ఎక్కువగా ఆడే రెండో ఆట గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ, 2003లో పీసీకి వచ్చింది. నా దగ్గరున్నది స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్న పాత కాపీ. 2021లో దాన్ని అమ్మకం నుంచి తీసేశారు గానీ కొన్నవాళ్లకు ఇంకా ఉంది. స్టీమ్‌లో విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపేందుకు 2018 నుంచి ప్రోటాన్ ఉంది కదా, అది కూడా వైన్ మీద కట్టిందే. విండోస్ ఆటల గ్రాఫిక్స్ పద్ధతి డైరెక్ట్3డీని వల్కన్ అనే కొత్త పద్ధతికి మార్చడం దాని బలం. నా హెచ్‌డీ 4000 దగ్గర ఆ బలం పనికిరాదు, ఈ తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కు వల్కన్ అసంపూర్ణమని డ్రైవరే హెచ్చరిక ఇస్తుంది. స్టీమ్‌లో ఆట లాంచ్ ఆప్షన్లలో వల్కన్‌కు బదులు వైన్‌డీ3డీ వాడమని రాస్తే ఓపెన్‌జీఎల్ దారిన శుభ్రంగా నడుస్తుంది. 640x480 మోడ్ దొరకలేదు అని ఆట మొరాయిస్తే వైన్‌సీఎఫ్‌జీ గ్రాఫిక్స్ ట్యాబ్‌లో వర్చువల్ డెస్క్‌టాప్ (ఆటను ఒక కిటికీలోనే నడిపించేది) టిక్ చేయండి. ఆటలోని ఫ్రేమ్ లిమిటర్ మాత్రం తీయకండి. ఆ ఆటలో బండ్ల కదలిక ఫ్రేముల వేగంతో ముడిపడి ఉంది, వేగం పెరిగితే నడక చెడుతుంది.

ఇంట్లో రెండు లాప్‌టాప్‌ల మధ్య ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడాలంటే వైన్‌ట్రిక్స్‌లో డైరెక్ట్‌ప్లే (పాత ఆటలు నెట్‌వర్క్ మీద కలవడానికి వాడేది) ఎక్కించాలి. ఫైర్‌వాల్ పెట్టుకున్నవాళ్లు 47624 పోర్టును, 2300 నుంచి 2400 దాకా పోర్టులను తెరవాలి. దసరా సెలవుల్లో నేను, మా అక్క కొడుకు ఆడేది ఇలాగే. వాడి పూజారులు నా ఏనుగులను మంత్రం చదివి లాగేసుకుంటుంటే పక్క గదిలోంచి కేకలు వినిపిస్తాయి.

నచ్చనివి కూడా చెప్పాలి. వైన్‌సీఎఫ్‌జీ కిటికీలో ఏ టిక్కు ఎందుకో కొత్తవాళ్లకు అర్థమయ్యేలా ఎక్కడా రాసి ఉండదు, ఇన్నేళ్లయినా దాన్ని బాగుచేయకపోవడం నాకు బాధే. 32 బిట్ గ్రాఫిక్స్ లైబ్రరీలు లేకపోతే ఆట నల్ల తెరతో ఆగిపోతుంది, ఆ విషయం టెర్మినల్‌లో వెతికితే తప్ప తెలియదు. కాపీ చేయకుండా పెట్టిన సేఫ్‌డిస్క్ తాళం ఉన్న సీడీల మీద ఆశ పెట్టుకోకండి. ఆ తాళపు డ్రైవర్‌ను విండోస్ 10 కూడా 2015లోనే వదిలేసింది, వైన్‌లో కూడా గ్యారంటీ లేదు. అలాంటి ఆట డిజిటల్ కాపీగా అమ్మకానికి ఉంటే అదే కొనండి. మరోవైపు విండోస్ 95, 98 నాటి సీడీల్లో చాలావాటి సెటప్ 16 బిట్‌ది. 64 బిట్ విండోస్ దాన్ని తెరవనే తెరవదు. నా మింట్‌లో 32 బిట్ ప్రిఫిక్స్‌లో అది నడుస్తుంది. కొత్త విండోస్ కంటే ఇదే మేలని మొదట్లో నేనన్నది ఇందుకే.

సెటప్ మధ్యలో రెండో సీడీ అడిగే ఆటలుంటాయి. టెర్మినల్ సీడీ ఫోల్డర్‌లోనే ఉంటే డ్రైవ్ తెరుచుకోదు. హోమ్ ఫోల్డర్‌లో ఉండి సెటప్ నడపండి, సీడీ మార్చాల్సి వచ్చినప్పుడు వైన్ ఎజెక్ట్ అని కొట్టండి. ఇంట్లో పాత సీడీలు ఉన్నవాళ్లు గీతలు పడకముందే బిన్, క్యూ కాపీలు తీసుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ఇప్పటి లాప్‌టాప్‌లకు సీడీ డ్రైవే రావడం లేదు. యూఎస్‌బీ సీడీ డ్రైవ్ ఒకటి కొంటే మింట్ దాన్ని ఏ డ్రైవర్ అడగకుండానే గుర్తుపడుతుంది.