జాగ్రత్త: ఆఫ్రికా "లగ్జరీ రివర్ క్రూజ్ సఫారీ" కొనేముందు బోటు పేరు అడగండి

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక బ్రోచర్ తిరిగింది. నీళ్ళలో ఏనుగు, దాని వెనకాల తెల్లటి అంతస్తుల పడవ, కింద "చోబే నదిపై 3 రాత్రుల విలాస సఫారీ" అని బంగారు రంగు అక్షరాలు. ఆ ఏనుగు నాకు బాగా తెలుసు. 2024లో ఇదే ఫొటో చూసి మేం నలుగురం తలకి 3,85,000 రూపాయలు కట్టాం. ఇప్పుడు ఏజెన్సీ పేరు మారింది, ఏనుగు మాత్రం అదే. కేసు నడుస్తోంది కాబట్టి పేరు రాయను. జరిగింది రాస్తాను, ఎవరైనా అడ్వాన్సు కట్టబోతుంటే ఆగి చదవండి.

మా ముప్పయ్యో పెళ్ళిరోజుకి ఎక్కడికైనా వెళ్దామనుకున్నాం. మా ఆయనకి సింహం చూడాలని. నాకేమో నీళ్ళమీద పడుకోవాలని. చిన్నప్పుడు పాపికొండలకి లాంచీలో వెళ్ళినప్పటి కోరిక అది. ఆ ఏజెంటు రెండూ ఒకే ప్యాకేజీలో పెట్టి చూపించాడు. మా ఆడపడుచూ అన్నయ్యగారూ కూడా కలిశారు. ఆఫీసులో గోడ నిండా జిరాఫీలు, చల్లటి ఏసీ, అల్లం టీ. "మీరు బ్యాగులు సర్దుకోండమ్మా, మిగతాది మాకొదిలెయ్యండి" అన్నాడు. నిజంగానే వదిలేశాం, అదే మా తప్పు.

మ్యాపు చూస్తే చోబే ఒక నది. కానీ ఆ నదే సరిహద్దు. దక్షిణపు ఒడ్డు బోట్స్వానా, ఉత్తరపు ఒడ్డు నమీబియా. రాత్రుళ్ళు పడుకునే పెద్ద హౌస్‌బోట్లు నమీబియా వైపు ఉంటాయి. బోట్స్వానాలోని కసానే ఊళ్ళో నది ఒడ్డున ఇమిగ్రేషన్ ఆఫీసులో ఎగ్జిట్ స్టాంపు వేయించుకుని, చిన్న పడవలో అవతలికి పోయి, నమీబియా స్టాంపు వేయించుకున్నాకే ఆ హౌస్‌బోటు ఎక్కడం. తిరుగు ప్రయాణంలో ఇదంతా వెనక్కి. మేం విమానం దిగింది జింబాబ్వేలోని విక్టోరియా ఫాల్స్‌లో. అక్కణ్ణించి కసానేకి 80 కిలోమీటర్లు, మధ్యలో కజుంగులా సరిహద్దు. మళ్ళీ విమానం ఎక్కేదీ విక్టోరియా ఫాల్స్‌లోనే. అంటే జింబాబ్వేలోకి రెండుసార్లు, బోట్స్వానాలోకి రెండుసార్లు, నమీబియాలోకి ఒకసారి అడుగు పెట్టాలి. వారం తిరక్కుండా అయిదు ప్రవేశాలు. ఈ లెక్క ఏజెంటు మాకు చెప్పలేదు. మేమూ వేసుకోలేదు.

కజా యూనివీసా ఉంటే చాలని కొందరంటారు. అది జింబాబ్వే, జాంబియాలకి పనికొస్తుంది. కజుంగులా మీదుగా బోట్స్వానాలోకి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేస్తేనే చెల్లుతుంది. కసానేలో రాత్రి ఉండాలంటే బోట్స్వానా వీసా విడిగా ఉండాల్సిందే. నమీబియాకి ఆ యూనివీసా అసలు చెల్లదు.

కజుంగులా దగ్గర బోట్స్వానాలోకి వెళ్ళేటప్పుడు చెప్పుల్ని మందునీళ్ళలో ముంచిన చాప మీద తొక్కించారు. పశువులకి గాలికుంటు రాకుండానట. మా ఆడపడుచు కొత్త తెల్ల బూట్లు అక్కడే పోయాయి, దాని గురించి ఆమె విడిగా రాయొచ్చు.

మొదటి రాత్రి కసానేలో ఒక లాడ్జిలో పెట్టారు. "రేపు పడవ" అన్నాడు డ్రైవరు. మర్నాడు మూడింటికి జెట్టీకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక ముసలి జర్మన్ జంట పెట్టెలతో ఇమిగ్రేషన్ లైనులో ఉన్నారు. మేమూ పెట్టెలతో వెనకాల నిలబడ్డాం. మాటల్లో ఆయన తన వోచరు చూపించాడు. దాని మీద పడవ పేరుంది, క్యాబిన్ నంబరుంది, బుకింగ్ నంబరుంది. మాది తీసి చూస్తే "చోబే రివర్ లగ్జరీ హౌస్‌బోట్ ఆర్ సిమిలర్" అని ఉంది, అంటే హౌస్‌బోటు లేదా అలాంటిదేదో. అంతే. హైదరాబాదులో ఆ కాగితం కనీసం పదిసార్లు చూసి ఉంటాను, ఆ చివరి రెండు మాటల మీద కన్ను నిలవలేదు.

మా వంతు వచ్చింది. కౌంటరులో అమ్మాయి పాస్‌పోర్టులు తిరగేసి, నమీబియా వీసా ఏదని అడిగింది. లేదు. తర్వాత బోట్స్వానా వీసా చూపించింది, సింగిల్ ఎంట్రీ. "మీరిప్పుడు దాటితే మళ్ళీ ఇటు రాలేరు" అని నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. ఆమె స్టాంపు వెయ్యకుండా ఆపడం మా అదృష్టం. వేసేసి ఉంటే నది మధ్యలో ఏ దేశానికీ చెందకుండా ఉండేవాళ్ళం.

ఏజెంటుకి ఫోన్ చేశాం. మనకీ వాళ్ళకీ మూడున్నర గంటల తేడా, హైదరాబాదులో అప్పుడు రాత్రి ఏడు. ఎత్తలేదు. మర్నాడు ఎత్తి, "వీసా టెక్నికల్ ఇష్యూ అమ్మా, ప్రత్యామ్నాయం ఏర్పాటు చేశాం" అన్నాడు. ఆ ప్రత్యామ్నాయం ఏమిటంటే, రోజూ సాయంత్రం మూడు గంటల సేపు తిప్పే మామూలు పడవ. నలభై మంది, ప్లాస్టిక్ కుర్చీలు. ఆ టికెట్టు జెట్టీలోనే తలకి కొన్ని పదుల డాలర్లకి దొరుకుతుంది. రాత్రుళ్ళు అదే లాడ్జి.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసిందే నా జీవితంలో చూసిన గొప్ప దృశ్యం. సెడుడు దీవి అని నది మధ్యలో గడ్డి దీవి ఉంది. దాని కోసం బోట్స్వానా, నమీబియా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్తే 1999లో బోట్స్వానాకే దక్కింది. ఇప్పుడు అక్కడ వాళ్ళ జెండా ఎగురుతుంటుంది. ఏనుగులకి తీర్పులతో పనిలేదు. మంద మొత్తం తొండాలు పైకెత్తి ఈదుకుంటూ దీవికి దాటింది, గున్నని మధ్యలో పెట్టుకుని. గున్న మునిగినప్పుడల్లా పక్కనున్నది ఒంటితో ఆసరా ఇచ్చింది. మా అన్నయ్యగారు కెమెరా చేతిలో పెట్టుకునే మర్చిపోయారు. ఇంకోమాట, 2019లో కచ్చులూరు తర్వాత ఏ పడవెక్కినా నేను ముందు లైఫ్ జాకెట్లు లెక్కపెడతాను. అక్కడ సరిపడా ఉన్నాయి.

కానీ బ్రోచర్లో "బిగ్ ఫైవ్ అన్నీ పడవ మీంచే" అని రాశాడు. బిగ్ ఫైవ్ అంటే సింహం, చిరుత, ఏనుగు, అడవి దున్న, ఖడ్గమృగం. అది జరిగే పని కాదు. నదిలోంచి కనిపించేవి ఏనుగులు, నీటిగుర్రాలు, మొసళ్ళు, అడవి దున్నలు, రకరకాల పిట్టలు. సింహం, చిరుత ఎప్పుడైనా ఒడ్డుకొస్తే మీ అదృష్టం. ఖడ్గమృగం కోసమైతే చోబే వెళ్ళనక్కర్లేదు. "నైట్ సఫారీ" అని కూడా ఉంది. అక్కడ నేషనల్ పార్కులో రాత్రి పూట జీపులు తిరగనివ్వరు, చీకటి పడేలోగా బయటికి రావాలి. ఇలాంటివి రెండు కనిపిస్తే రాసినవాడు ఆ ఊరు చూడలేదని అర్థం. నెల కూడా అడగండి. మే నుంచి అక్టోబరు దాకా వానలు లేని కాలం, జంతువులు నీళ్ళకి నది దగ్గరికి చేరతాయి. వానలు పడ్డాక చెదిరిపోతాయి. సెప్టెంబరు దాటితే నదిలో నీరు తగ్గుతుంది, పెద్ద పడవలు ఎంత దూరం కదులుతాయో పడవ వాళ్ళనే అడగాలి.

తిండి సంగతి. "ఇండియన్ ఫుడ్" అన్నది ఉడికించిన గుమ్మడికాయ. కానీ లాడ్జి వంటావిడ మొక్కజొన్న పిండితో పాప్ అని వండింది, అచ్చం మన సంకటే. నెయ్యీ కంది పొడీ వేసుకుని తిన్నాం, ఆవిడకీ పెట్టాం. పొడి డబ్బా అక్కడే వదిలేసి వచ్చాం.

ఇంటికొచ్చాక మా ఆయన ఊరుకోలేదు. బ్రోచరులో ఉన్న పడవ ఎవరిదో వెతికి, వాళ్ళకే నేరుగా మెయిల్ పెట్టారు. ఆ తేదీల్లో మా పేర్లతో గానీ, మా ఏజెన్సీ పేరుతో గానీ ఏ బుకింగూ లేదని రెండో రోజే జవాబు వచ్చింది. నమీబియా వీసా ఎందుకు తియ్యలేదో అప్పుడు తెలిసింది. మరిచిపోవడం కాదది, మమ్మల్ని నది దాటించే ఉద్దేశమే అతనికి లేదు. ఆ మెయిల్ ఏదో డబ్బు కట్టకముందు పెట్టుంటే అయిదు నిమిషాల పని.

ఇంకో దెబ్బ ఆడిటరు దగ్గర తెలిసింది. విదేశీ టూరు ప్యాకేజీ అమ్మినవాడు మన దగ్గర టీసీఎస్ అనే ముందస్తు పన్ను వసూలు చేసి, మన పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. అప్పట్లో 7 లక్షల దాకా 5 శాతం. తర్వాత రిటర్నులో మనకది కలిసొస్తుంది. మా దగ్గర తలకి 19,250 తీసుకున్నాడు. మన పాన్ మీద జమైన పన్ను చూపించే ఫారం 26ఏఎస్‌లో ఒక్క రూపాయి కూడా కనిపించలేదు. రేట్లు మారుతుంటాయి, అది వేరే సంగతి. మీరు కట్టిన టీసీఎస్‌కి సర్టిఫికెట్ ఇవ్వమని అడగండి, మీ పాన్ మీద జమైందో లేదో చూసుకోండి. రెండో వాయిదా వాళ్ళ బావమరిది ఖాతాలో వెయ్యమన్నప్పుడే మాకు అనుమానం రావాల్సింది. విమానం టికెట్లు వచ్చేశాయిగా అని వేసేశాం.

టీకా విషయం కూడా అతను చెప్పలేదు. మా విమానం ముంబై నుంచి ఆడిస్ అబాబా మీదుగా. ఇథియోపియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశం, తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు అడగొచ్చు. లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది. మా తమ్ముడు చెప్పబట్టి హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎంలో వేయించుకున్నాం. వేయించుకున్న పది రోజులకి గానీ ఆ కార్డు చెల్లదు, ఆఖరి వారం దాకా ఆగకండి. అరవై దాటినవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేయించుకోవద్దు. చోబేలో మలేరియా ఉంది, దానికి మాత్రలు వేరే.

డబ్బు అడిగితే ముందు "ఆర్ సిమిలర్ అని రాశాం కదమ్మా" అన్నాడు. తర్వాత తలకి 40,000 విలువ చేసే దుబాయ్ కూపన్ ఇస్తానన్నాడు, గూగుల్‌లో మేం పెట్టిన రివ్యూ తీసేస్తే. తియ్యలేదు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైనుకి ఫోన్ చేశాం, అక్కడ తేలలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నలుగురం విడివిడిగా వేశాం. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. కొన్నవాళ్ళు ఉండే ఊళ్ళోనే వెయ్యొచ్చు, రెండేళ్ళలోపు వెయ్యాలి. వోచరు, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ మెసేజీలు, పడవ కంపెనీ మెయిల్ పెట్టాం. ఆ మెయిలే మాకు పెద్ద సాక్ష్యమని వకీలు అన్నారు. వచ్చే నెల వాయిదా ఉంది.

మొన్న రాత్రి మా ఆయన లాప్‌టాప్ మూయకుండా పడుకున్నారు. మూద్దామని వెళ్తే మెయిల్ తెరిచి ఉంది. ఆ పడవ కంపెనీకే రాస్తున్నారు, వచ్చే జూన్‌లో రెండు క్యాబిన్లు ఖాళీ ఉన్నాయా, నమీబియా వీసాకి ఏమేం కావాలి అని. నాకింకా చెప్పలేదు. నేనూ అడగలేదు.