ఇంక్‌స్కేప్ 1.4: తెలుగు అక్షరం కుదురుతుంది, కొలతలూ రంగులే తిప్పలు పెడతాయి

బెంగళూరులో తెలుగువాళ్ళ పెళ్ళిపత్రిక ఒక్క లిపితో తెమిలే పని కాదు. ఊళ్ళో పెద్దవాళ్ళకి తెలుగు, ఆఫీసు వాళ్ళకి ఇంగ్లీషు, ఇంటి ఓనరుకీ పక్కింటివాళ్ళకీ కన్నడం. సుల్తాన్‌పేటలోనో చిక్‌పేటలోనో కార్డు ఎంచుకోవడం ఒక పూట పని, దాని మీదికి మ్యాటర్ ఎక్కించడమే అసలు తంటా. పాత డీటీపీ పద్ధతిలో తెలుగుకి అను, కన్నడానికి నుడి అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్లు, రెంటికీ వేదిక పేజీలు కూర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7. అది 2001లో వచ్చిన ఆఖరి వెర్షన్, ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలకి వాడే యూనికోడ్ ఊసే దానికి తెలియదు. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్ అందులో పేస్ట్ చేస్తే అక్షరాలకి బదులు చెత్త వస్తుంది. అంతా మళ్ళీ టైపు కొట్టాలి, కొట్టిన ప్రతిసారీ మేనత్త పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోతుంది.

ఈ గొడవకి సులువైన విరుగుడు ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్. ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. ఇక్కడ చెప్పేదంతా 2024 అక్టోబరులో వచ్చిన 1.4 గురించి, పెళ్ళికార్డు, విజిటింగ్ కార్డు, షాపు బోర్డు ఈ మూడు పనులనీ దృష్టిలో పెట్టుకుని. అక్షరాల విషయంలో దీనికి నూటికి తొంభై వేయొచ్చు. కొలతల్లో, రంగుల్లో మాత్రం అత్తెసరు మార్కులే, అవి కూడా సెట్టింగులు ముందే మార్చుకుంటేనే.

అక్షరాల సంగతే ముందు. లక్ష్మి, స్త్రీ, శ్రీరస్తు లాంటివి ఏ మీటా నొక్కకుండా సరిగ్గా కూర్చుంటాయి. అక్షరాలు కూర్చే పని లోపల పాంగో, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీలు చూసుకుంటాయి. ఇలాంటి పనికే వాడే అడోబీ వాళ్ళ ఇల్లస్ట్రేటర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కిందికి వెళ్ళి షో ఇండిక్ ఆప్షన్స్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్లో దక్షిణాసియా కంపోజర్ ఎంచుకోవాలి. ఆ సంగతి తెలియనివాళ్ళ చేతిలో ఒత్తులు కిందికి దిగకుండా పక్కన పొల్లుతో నిలబడిపోతాయి.

అయినా ఒకచోట తెలుగువాడు బోల్తాపడతాడు. బెంగళూరు పెళ్ళికార్డులో తప్పకుండా ఉండే మాట: సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. దాన్ని మామూలుగా కొడితే ఫ కింద ట, వ రెండూ ఒత్తులై ఒకే ముద్దగా "సాఫ్ట్వేర్" అని వస్తుంది. వైట్‌ఫీల్డ్‌దీ అదే గతి, "వైట్ఫీల్డ్" అవుతుంది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తు చేయడం దాని ధర్మం. ఆపాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి, దాని యూనికోడ్ సంఖ్య 200సీ. కాన్వాస్ మీద "సాఫ్ట్" వరకు కొట్టండి, కీబోర్డు ఇంగ్లీషుకి మార్చండి, కంట్రోల్ యూ నొక్కి 2, 0, 0, ఆ తర్వాత ఇంగ్లీషు సీ కొట్టి ఎంటర్ నొక్కండి. మళ్ళీ తెలుగుకి వచ్చి "వేర్" కొట్టండి. ముద్దగా వచ్చేసిన మాటలో తర్వాత ఈ గుర్తు దూర్చడం కష్టం, కర్సర్ ఏ అక్షరం దగ్గరుందో కంటికి ఆనదు. మాట మొత్తం చెరిపి మళ్ళీ కొట్టడమే త్వరగా అవుతుంది. సరిచేసిన మాటలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో దాచుకుంటే ప్రతి కార్డుకీ ఈ కుస్తీ ఉండదు.

రెండో బోల్తా ఫాంటు పేరు దగ్గర. తెలుగు లేని ఇంగ్లీషు ఫాంటు ఎంచుకుని తెలుగు కొట్టినా అక్షరాలు చక్కగానే కనబడతాయి. సిస్టంలో దొరికిన ఏదో తెలుగు ఫాంటుని తెచ్చి చడీచప్పుడు లేకుండా అతికిస్తుంది. పైన పెట్టెలో మాత్రం ఇంగ్లీషు ఫాంటు పేరే ఉంటుంది. అదే ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే ఇంకో ముఖం. కాబట్టి తెలుగు వాక్యాన్ని ఎంచి, రామభద్ర అనో సురన్న అనో మండలి అనో పేరు పెట్టి ఫాంటు వేయాలి. ఈ మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. మూడు లిపుల కార్డుకైతే అనేక్, టిరో, నోటో కుటుంబాలు మేలు, తెలుగుకీ కన్నడానికీ ఒకే తీరున గీసిన ఫాంట్లు వాటిలో ఉన్నాయి. తెలుగు పక్కన కన్నడం బక్కచిక్కి కనబడదు. వందల ఫాంట్ల జాబితాలో వెతుక్కోవడం చిరాకు, 1.3 నుంచి టెక్స్ట్ మెనూలో ఫాంట్ కలెక్షన్స్ ఉంది, వాడే పదింటినీ ఒక కలెక్షన్‌లో వేసుకోండి.

వరసల మధ్య ఎడం మొదట 1.25 ఉంటుంది. ఇంగ్లీషుకి సరిపోతుంది, మనకి చాలదు. పై వరస ఒత్తులు కింది వరస గుడుల్ని గుద్దుకుంటాయి. ఫాంటుని బట్టి 1.4 నుంచి 1.6 దాకా పెంచాలి. ఇక్కడే పాతకాలపు జబ్బు ఒకటుంది: ఒకే టెక్స్ట్ పెట్టెలో వధూవరుల పేర్లు 28 పాయింట్లు, "చి.ల.సౌ." 12 పాయింట్లు పెడితే చిన్న వరసల మధ్య కూడా పెద్ద అక్షరాల ఎడమే మిగిలిపోయి, ఎంత తగ్గించినా దగ్గరికి రాదు. లోపల వరసలన్నింటికీ మొత్తం పెట్టెకున్న అక్షరాల సైజే కనీసంగా పట్టుకోవడం దీనికి కారణం. దానితో పోట్లాడి లాభం లేదు. ఒక్కో సైజుకి ఒక్కో టెక్స్ట్ పెట్టి, అలైన్ ప్యానెల్లో మధ్యకి తెచ్చుకోండి. పెట్టె వెడల్పు మార్చాలన్నప్పుడు బాణం టూలుతో మూల పట్టి లాగకండి, అక్షరాలు సాగిపోతాయి. టెక్స్ట్ టూల్ తీసుకుంటే కింద కుడిమూల చిన్న డైమండ్ గుర్తు కనబడుతుంది, దాన్ని లాగాలి.

అక్షరాలకి చుట్టూ గీత వేస్తే ప, స లాంటి వాటి లోపలి ఖాళీలు పూడుకుపోతాయి, ఎందుకంటే గీతలో సగం అక్షరం లోపలికి వస్తుంది. ఫిల్ అండ్ స్ట్రోక్‌లో స్ట్రోక్ స్టైల్ కింద ఆర్డర్ అని బొమ్మలున్నాయి, వాటిలో గీత వెనక్కి వెళ్ళేది నొక్కండి. అక్షరం చెక్కుచెదరదు. రేడియం కటింగుకైతే ఇంకో మెట్టు ఉంది. అక్షరాల్ని పాత్‌గా, అంటే వట్టి గీతల ఆకారాలుగా మార్చాక గుడి, ఒత్తు అక్షరం మీద ఎక్కి ఉన్నచోట కటింగ్ మెషీను బ్లేడు రెండుసార్లు కోసి పారేస్తుంది. అన్‌గ్రూప్ చేసి, పాత్ మెనూలో యూనియన్ ఇస్తే ఒకే ఆకారం అవుతుంది.

ఇక కొలతలు. ఇక్కడే కొత్తవాళ్ళు ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు.

5 × 7 అంగుళాల కార్డు అంటే 127 × 177.8 మిల్లీమీటర్లు. ఆ సైజు దీర్ఘచతురస్రానికి ఒక మిల్లీమీటరు గీత ఉంటే పైన పెట్టెల్లో 128 × 178.8 అని చూపిస్తుంది, గీత మందం కలిపేసి. అది తప్పనుకుని 127కి దిద్దితే అసలు పెట్టె చిన్నదైపోతుంది. ఎడిట్, ప్రిఫరెన్సెస్, టూల్స్‌లో బౌండింగ్ బాక్స్ దగ్గర విజువల్ తీసేసి జియోమెట్రిక్ పెట్టండి. ఇన్‌స్టాల్ చేసిన మొదటి నిమిషంలో చేయాల్సిన పని ఇది. రెండోది, ఏదైనా చిన్నది పెద్దది చేసినప్పుడు గీత మందం మారాలా వద్దా, గుండ్రటి మూలలు మారాలా వద్దా చెప్పే నాలుగు బటన్లు పైన టూల్‌బార్ చివర ఉంటాయి. అవి నొక్కి ఉన్నాయో లేదో గుర్తుపట్టడం కష్టం. బోర్డర్ ఉన్నట్టుండి లావైందంటే ముద్దాయి అక్కడే.

కటింగులో అటూ ఇటూ జరగడానికి నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కార్డు అంచు దాటి అదనపు చోటు అడుగుతారు. పేజ్ టూల్‌లో 1.3 నుంచి బ్లీడ్ పెట్టుకోవచ్చు. ఏ ప్రెస్సులోనైనా చెల్లుబాటయ్యేది మాత్రం పాత పద్ధతే: పేజీనే 133 × 183.8 పెట్టి, లోపల 3 మిల్లీమీటర్ల దగ్గర గైడ్ లైన్లు లాగి, మ్యాటర్ దానికి ఇంకో 5 మిల్లీమీటర్లు లోపలికి ఉంచడం.

షాపు బోర్డుకి లెక్క వేరు. పీడీఎఫ్ పేజీని 200 అంగుళాలకి మించి చాలా ప్రోగ్రాములు ఒప్పుకోవు, అంటే 16 అడుగుల 8 అంగుళాలు. 20 అడుగుల బ్యానర్ అసలు సైజులో చేస్తే ప్రెస్సు దగ్గర ఇరుక్కుంటుంది. పదో వంతులో చేయండి. 10 × 4 అడుగుల ఫ్లెక్స్‌కి పేజీ 12 × 4.8 అంగుళాలు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు డీపీఐ, అంటే అంగుళానికి చుక్కలు, 720 పెడితే 8640 × 3456 పిక్సెళ్ళు వస్తాయి, అసలు సైజు మీద అది 72. రోడ్డు మీంచి చూసే ఫ్లెక్స్‌కి చాలు. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో మొదట ఉండే 96ని అలాగే వదిలేస్తే 1152 పిక్సెళ్ళే వస్తాయి, బిర్యానీ బొమ్మలో మెతుకులు ఇటుకల్లా కనబడతాయి. బెంగళూరులో ఇంకోటి కూడా మర్చిపోకూడదు. 2024 సవరణ చట్టం ప్రకారం బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలి, అదీ పైభాగంలో. 4.8 అంగుళాల ఎత్తులో పైనుంచి 2.88 అంగుళాల దగ్గర గైడ్ పెట్టి పైన కన్నడం, కింద తెలుగూ ఇంగ్లీషూ సర్దుకుంటే ఆంధ్రా మెస్ బోర్డు మళ్ళీ వేయించే ఖర్చు తప్పుతుంది.

రంగుల్లో ఇంక్‌స్కేప్ బలహీనత దాచేది కాదు. పనంతా తెర రంగుల పద్ధతి ఆర్‌జీబీలోనే. అచ్చుకి కావాల్సిన నాలుగు ఇంకుల పద్ధతి, సీఎంవైకేలో పీడీఎఫ్ తనంతట ఇవ్వదు. తెర మీద మెరిసే రామచిలక ఆకుపచ్చ కాగితం మీద వాడిపోతుంది, నిండు నీలం ఊదా వైపు తిరుగుతుంది. అంతకన్నా ముఖ్యం నలుపు. తెర నలుపు నాలుగు ఇంకుల నలుపుగా మారితే 9 పాయింట్ల ముహూర్తం వరస చుట్టూ రంగు నీడలు పడతాయి, ప్లేట్లు ఒక వెంట్రుకవాసి జరిగినా చాలు.

అయితే రెడీమేడ్ కార్డు తీసుకున్నప్పుడు ఈ బాధే లేదు. వినాయకుడు, కలశం ముందే అచ్చయి ఉంటాయి. మ్యాటర్ ఒక్క రంగులో స్క్రీన్ ప్రింట్ వేస్తారు. ఫైల్లో అంతా నల్లగా ఉంటే చాలు, మెరూన్ రంగా బంగారు రంగా అనేది ప్రెస్సువాడు డబ్బాలోంచి తీస్తాడు. రెండు రంగులైతే రెండు లేయర్లు, రెండూ నలుపే, రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు. ఈ రకం పనికి ఇంక్‌స్కేప్‌ని మించింది అక్కర్లేదు.

మల్టీకలర్ ఆఫ్‌సెట్ అయితే స్క్రైబస్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాము గుండా వెళ్ళాలి, అదీ ఉచితమే. అక్షరాలన్నీ పాత్‌గా మార్చిన ఎస్‌వీజీని (ఇంక్‌స్కేప్ దాచే ఫైలు) అందులో ఇంపోర్ట్ చేయండి. కలర్స్ అండ్ ఫిల్స్ జాబితా తెరిచి ఒక్కో రంగునీ సీఎంవైకేలోకి మార్చి అంకెలు మీరే వేయండి: నలుపుకి కే (నల్ల ఇంకు) 100, మిగతా మూడూ సున్నా, కుంకుమ ఎరుపుకి మెజెంటా 100, పసుపు 100. తర్వాత పీడీఎఫ్‌ని ప్రింటర్ కోసం అని ఎంచి ఎగుమతి చేయాలి. మసక నీడలు, బ్లర్‌లు ఈ దారిలో రావు. కార్డు మీద నీడలు లేకపోతే నష్టం కూడా లేదు, నిజానికి.

ఇంక్‌స్కేప్ నుంచే నేరుగా పీడీఎఫ్ తీసేటప్పుడు సేవ్ యాజ్ వాడొద్దు, సేవ్ ఎ కాపీ వాడండి. సేవ్ యాజ్ చేస్తే తెరిచి ఉన్న ఫైలే పీడీఎఫ్ అయిపోయి, ఆ తర్వాతి మార్పులు అందులోకే పోతాయి. వచ్చే పెట్టెలో టెక్స్ట్‌ని పాత్‌గా మార్చేది ఎంచాలి. రాస్టరైజ్ (పిక్సెళ్ళుగా మార్చడం) దగ్గర 96 బదులు 300 పెట్టకపోతే బ్లర్ ఉన్న చోటల్లా గళ్ళు పడతాయి. టెక్స్ట్ అలాగే వదిలిన పీడీఎఫ్‌ని ప్రెస్సులో పాత కోరెల్‌డ్రా ప్రోగ్రాములో తెరిస్తే ఒత్తులు ఊడిపోవచ్చు, తెలుగు చదవడం రాని ఆపరేటర్‌కి అది తెలిసే అవకాశం లేదు. దిద్దుబాట్లకి టెక్స్ట్ ఉన్న అసలు ఫైలు వేరుగా ఉంచుకోండి, ఎందుకంటే పాత్‌గా మారిన అక్షరం మళ్ళీ అక్షరం కాదు.

చిన్న చికాకులు ఇంకొన్ని. గ్రూపు మీద డబుల్ క్లిక్ చేస్తే లోపలికి వెళ్ళిపోతారు, ఆ తర్వాత గీసిందంతా అందులోనే చేరుతుంది. ఖాళీ చోట డబుల్ క్లిక్ చేస్తే బయటికి రావొచ్చు. ఫొటోని లింక్‌గా పెడితే ప్రెస్సు దగ్గర ఖాళీ చట్రం వస్తుంది, ఎక్స్‌టెన్షన్స్‌లో ఇమేజెస్ కింద ఎంబెడ్ ఇమేజెస్ ఉంది. బ్లర్‌లు ఎక్కువైతే మిషను నత్తనడక నడుస్తుంది, డిస్‌ప్లే మోడ్ అవుట్‌లైన్‌కి మార్చి పని చేసుకోవచ్చు.

ప్రెస్సులో ప్రూఫ్ తీసేటప్పుడు ఫిట్ టు పేజ్ తీయించి 100 శాతంలో వేయమనండి. కాగితం మీద స్కేలు పెట్టి చూస్తే గైడు నుంచి గైడుకి 127 మిల్లీమీటర్లు రావాలి. 123 వచ్చిందంటే తప్పు మీ ఫైల్లో లేదు, ప్రింటర్ సెట్టింగులో ఉంది.