విమానం తోలదామని వెళ్తే గంటసేపు నేల మీదే తిప్పారు

పుట్టినరోజుకి మా ఆవిడ బుక్ చేసిన ఫ్లైట్ సిమ్యులేటర్ సెషన్ ఇది, హైదరాబాద్‌లోనే, గంటన్నర. సెంటర్ పేరు ఇప్పుడు రాయను, విమానాన్ని పక్కలకి తిప్పడానికి కాళ్లతో తొక్కే ఆ రడ్డర్ పెడల్స్ బాగుచేయించాక రాస్తా. వీడియో గేమ్‌లా ఉంటుందనుకుని పిల్లల్ని తీసుకెళ్తే మాత్రం బోర్ కొట్టి చంపేస్తారు.

నేర్పిన కుర్రాడికి కమర్షియల్ లైసెన్స్ ఉంది, ఎయిర్‌లైన్ ఉద్యోగం కోసం చూస్తున్నాడట. తెర మీద వైజాగ్ ఎయిర్‌పోర్ట్ పెట్టాడు. అక్కడ రెండు రన్‌వేలు, 10 వేల అడుగుల 10/28 ఒకటి, ఇంకో దిక్కుకి 6 వేల అడుగుల పాత 05/23. ఒక్కో కొసకి ఒక్కో అంకె, అది ఆ రన్‌వే దిక్కు డిగ్రీల్లో, చివరి సున్నా తీసేసి. మనకిచ్చింది 28. టాక్సీ, అంటే నేల మీద నడుపుకుంటూ రన్‌వే దాకా వెళ్లడం, మొదలుపెట్టానో లేదో, "అన్నా, ఆఫీస్ ఎక్కడ? మెట్రోలోనా, బండి మీదా?" అని అందుకున్నాడు. నాకసలే ట్రాఫిక్ మాటెత్తితే పూనకం. మాటల్లోనే మలుపు తిప్పి, గీత మీద నిలబెట్టి, థ్రాటిల్ తోయబోతుంటే పెన్ను క్యాప్‌తో హెడింగ్ డయల్ (ముక్కు ఏ దిక్కుకుందో డిగ్రీల్లో చూపేది) మీద టక్ టక్‌మని కొట్టాడు. 230 చూపిస్తోంది. "28 అంటే 280 ఉండాలి కదన్నా?" ఎదురుగా నేల మీద తెల్లగా ఇంతేసి అంకెల్లో 23 అని రాసే ఉంది. నేను దాన్ని చూశాను కూడా. చూసి, మెట్రో గురించి చెప్తూనే ఉన్నా.

అప్పుడు చెప్పాడు 2006 ఆగస్టు 27న అమెరికాలో, లెక్సింగ్టన్‌లో జరిగింది. కొమెయిర్ 5191 అనే ప్రయాణికుల విమానం, తెల్లారకముందు బయల్దేరింది. 7,003 అడుగుల 22వ రన్‌వే ఇస్తే 3,500 అడుగుల 26 మీదికెళ్లి పరుగు తీశారు. హెడింగ్ గుర్తు 227 మీద పెట్టుకున్నారు, ముక్కు మాత్రం 266 వైపుంది. లైట్లు లేవేంటి, వింతగా ఉందే అని కో-పైలట్ అన్నాడు కూడా, అయినా ఆగలేదు. 50 మందిలో అతనొక్కడే బతికాడు. టాక్సీ చేస్తూ పనికి సంబంధం లేని కబుర్లు చెప్పుకున్నారని దర్యాప్తులో తేలింది. టాక్సీలోనూ, 10 వేల అడుగుల ఎత్తు లోపూ అనవసరపు మాటలు వద్దన్న రూల్ అప్పటికే 25 ఏళ్ల పాతది. టవర్‌లో ఉన్న ఒకే ఒక్క కంట్రోలర్ వేరే పని చూసుకోడానికి అటు తిరిగాడట.

ఇదంతా ఎక్కడో చదివితే "అంత పెద్ద అంకె కనపడలేదా" అనేవాణ్ణి. ఆ ముక్క అనే హక్కు పోయింది నాకు.

శంషాబాద్‌లో అయితే ఈ డయల్ చిట్కా కూడా పనిచెయ్యదు, రెండు రన్‌వేలూ పక్కపక్కనే ఒకే దిక్కుకి కాబట్టి ఎడమా కుడా అన్నది బోర్డులు చూసుకోవాల్సిందే. అడిగితేనే చెప్పాడు ఇది, అడగండి.

ఇక తిట్లు. ఎడమ పెడల్ వదులు, నిలబడమంటే ఊగుతుంది. ముందువాళ్ల సెషన్ సాగి 40 నిమిషాలు కూర్చోబెట్టారు, ఏసీ గాలి సరిగ్గా మెడ మీదికే. ల్యాండింగ్‌కి చివరి పది నిమిషాలే మిగిలాయి, హడావుడిగా దింపించి లేవమన్నాడు.

ఐదుకి నాలుగిస్తా. వీకెండ్ వద్దు, మామూలు రోజు పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోండి, టాక్సీ నుంచి మొదలుపెట్టమని ముందే చెప్పండి, లేకపోతే నేరుగా రన్‌వే మీద పెట్టి ఇచ్చేస్తారట.