కొబ్బరినూనె సబ్బా, కలగలుపు సబ్బా: మన నీళ్లకి ఏది మేలు?

"ఇంట్లో సబ్బు చేసుకోడానికి ఏ నూనె మంచిదండీ?" అని వారానికి ఇద్దరైనా అడుగుతారు. వాళ్లని నేను అడిగేది ఒకటే: మీ ఇంటికి వచ్చేవి కృష్ణ నీళ్లా, బోరు నీళ్లా?

రెండేళ్లపాటు నేను కలగలుపు సబ్బే చేశాను. కిలో నూనెలో కొబ్బరి 300 గ్రాములు, పామాయిల్ 500, తవుడు నూనె 150, ఆముదం 50. విజయవాడలో మాకు మున్సిపల్ కుళాయి. ఆ నీళ్లకి ఈ సబ్బు వెన్నలా ఉండేది. మురిసిపోయి గుంటూరులో ఉన్న మా ఆడపడుచుకి అరడజను పంపాను. వారం తిరక్కుండా ఫోన్. "వదినా, నురగ రాకపోతే రాకపోయింది, బకెట్ అంచుకి ఈ తెల్ల తెట్టేంటి? గోరుతో గీకితే మైనంలా ఊడొస్తోంది!" వాళ్లది అపార్ట్‌మెంట్ బోరు. నీళ్లు కాచిన గిన్నె అడుగున సున్నం పేరుకుంటుంది.

బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుని పట్టుకుని తెట్టుగా మార్చేస్తాయి. పామాయిల్, తవుడు నూనెల సబ్బు ఈ దెబ్బకి తేలిగ్గా లొంగిపోతుంది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆసిడ్ అనే కొవ్వు ఆమ్లమే. దాని సబ్బు నీళ్లలో బాగా కరుగుతుంది, ఉప్పు నీళ్లలోనూ నురగ ఇస్తుంది. ఓడల్లో సముద్రపు నీళ్లతో స్నానానికి కొబ్బరినూనె సబ్బే వాడేవారు. తెట్టు అసలే రాదని కాదు, నురగ మాత్రం చావదు. నా వరకు తేల్చేసే విషయం ఇదే.

"కొబ్బరి సబ్బు ఒళ్లు పొడిబారుస్తుంది కదా" అంటారు. నిజమే, అందరిలా 5 శాతం సూపర్‌ఫ్యాట్ (సబ్బుగా మారకుండా మిగిలిపోయే నూనె) పెడితే చేతులు బూడిద పూసినట్టవుతాయి. అందుకే 20 శాతం పెట్టాలి. గ్రాము కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి 0.183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. కిలోకి 183. అందులో 20 శాతం తగ్గిస్తే 146.4 గ్రాములు. నీళ్లు దానికి రెట్టింపు.

ఇప్పుడు కలగలుపు లెక్క చూడండి. కొబ్బరి 54.9, పామాయిల్‌కి 0.142 చొప్పున 71, తవుడు నూనెకి 0.133 చొప్పున 19.95, ఆముదానికి 0.128 చొప్పున 6.4. మొత్తం 152.25. 5 శాతం తీసేస్తే 144.6 గ్రాములు. రెండు సబ్బులకీ సోడా ఇంచుమించు ఒకటే! ఇది చూసి "ఏ నూనైనా 145 గ్రాములేగా" అనుకుంటే మాత్రం కొంప మునుగుతుంది. కిలో వేరుశనగ నూనె 136 గ్రాములకి మించి తీసుకోలేదు. మిగిలిన 9 గ్రాములు మీ చర్మం మీదే పని చేస్తాయి.

నేను బోల్తా పడ్డది ఇంకోచోట. ఓసారి కాటా బ్యాటరీ అయిపోయి, పామాయిల్, కొబ్బరి, తవుడు అన్నీ ప్యాకెట్ల మీది మిల్లీలీటర్లే గ్రాములనుకుని కొలిచేశాను. లీటరు ప్యాకెట్ అంటే 910 గ్రాములే. ఆ లెక్కన సోడా 138.5 చాలు, నేను వేసింది 144.6. ఆరు వారాలు ఆరబెట్టినా నాలుక కొసకి తగిలిస్తే చురుక్కుమంది, ఆ అచ్చంతా పారబోశాను. అదే పొరపాటు పూర్తి కొబ్బరి సబ్బులో చేసుంటే? 910 గ్రాములకి 166.5 కావాలి, వేసింది 146.4. ఇంకా 12 శాతం నూనె మిగిలే ఉండేది. కొత్తవాళ్లకి నేను కొబ్బరే చెప్పడానికి ఇదీ ఒక కారణం. అలాగని కాటా లేకుండా చేయమని కాదు.

ఇంకొక్క మాట. ఏ నూనెకి ఎంత సోడా కావాలో చెప్పే కొన్ని పట్టికల్లో కొబ్బరినూనె పక్కన 257 అని ఉంటుంది. అది కాస్టిక్ సోడా బదులు కాస్టిక్ పొటాష్ వాడితే వచ్చే లెక్క, గ్రాము నూనెకి మిల్లీగ్రాముల్లో. 1403తో భాగిస్తే మన 0.183 వస్తుంది.

కొబ్బరి సబ్బుతో ఇబ్బందులు లేవా? ఉన్నాయి. పామాయిల్ కంటే ఖరీదు బాగా ఎక్కువ. తడిలో వదిలేస్తే త్వరగా అరిగిపోతుంది. రాత్రి పోసి పొద్దున కోద్దామంటే కత్తి పెట్టగానే పెళ్లలుగా విరుగుతుంది. కొన్ని గంటల్లోనే, ఇంకా గోరువెచ్చగా ఉండగానే కోసెయ్యాలి. లేదా విడి అచ్చుల్లో పొయ్యండి.

మిగతా నూనెల గురించి రెండు ముక్కలు. పత్తి గింజల నూనె ఎక్కువ వేస్తే నారింజ రంగు మచ్చలొచ్చి ముక్క వాసన కొడుతుంది. గానుగ నువ్వుల నూనె పచ్చడికి ఉంచుకోండి. వేపనూనె వాసన భరించగలిగితే కిలోలో 50 గ్రాములు, అంతకు మించి వద్దు.

ఏ సబ్బైనా సత్తు గిన్నెలో మాత్రం కలపకండి, సోడా దాన్ని తినేస్తుంది. స్టీలు వాడండి.

పోయిన మే నెలలో మా కుళాయికీ నీళ్లు తగ్గి ట్యాంకులోకి బోరు కలిపారు. మూడో రోజుకి మా బకెట్ అంచునా ఆ తెల్ల తెట్టే. ఆడపడుచు కోసం పోసిన కొబ్బరి సబ్బు ముక్కల్లో రెండు మాకే ఉంచేసుకున్నాను.