ఎస్పీ రోడ్డు కొటేషన్‌లో "ఎస్ఎంపీఎస్ 650 వాట్స్" అంటే ఏ 650?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఏ కొట్టు మెట్లెక్కి "గేమింగ్‌కి పీసీ కావాలి, బడ్జెట్ ఇంత" అన్నా ఐదు నిమిషాల్లో ఓ చీటీ చేతిలో పెడతారు. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఏఎం5 (ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యాము, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, ఆర్టీఎక్స్ 5060 టీఐ గ్రాఫిక్ కార్డ్, 650 వాట్స్ ఎస్ఎంపీఎస్ (పీసీ అంతటికీ కరెంటు అందించే డబ్బా), ఆర్‌జీబీ లైట్ల కేబినెట్. కింద గీత గీసి మొత్తం. అది ఆన్‌లైన్‌లో విడివిడిగా వేసుకున్న లెక్క కంటే తక్కువే ఉంటే మొహం వెలిగిపోతుంది.

ఎందుకు తక్కువైందో కూడా ఆ చీటీలోనే ఉంది. ప్రాసెసర్ పేరు పూర్తిగా రాశారు. దాని రేటు కొనేవాడి ఫోన్లోనే కనబడుతుంది కాబట్టి అందులో మిగిలేది కొంచెమే. పేరు సగమే రాసినవీ, అసలు రాయనివీ చూడండి: బోర్డు, ర్యాము, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్. కోత పడేది అక్కడే. అందుకే చీటీ రాగానే బేరానికి దిగకూడదు. ముందు ప్రతి వరస పక్కనా కంపెనీ, మోడల్ నంబర్ రాయించుకోవాలి. "ఏదైనా ఒకటే సార్" అంటే లేచి పక్క కొట్టుకు వెళ్లిపోవచ్చు. ఆ రోడ్డులో కొట్లకు కొదవ లేదు.

ముందుగా చోటు గురించి రెండు మాటలు. అసలు పేరు సదర్ పత్రప్ప రోడ్డు, టౌన్‌హాల్, జేసీ రోడ్డు పక్కనే. చిక్‌పేట మెట్రోలో దిగి నడిచిపోవచ్చు. కారు తీసుకెళ్లడం అనవసరమైన సాహసం. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు. శనివారం జనం, కాబట్టి వారం మధ్యలో పొద్దున వెళ్తే కౌంటర్లో మనిషి నిదానంగా మాట్లాడతాడు. తెలుగులో బేరమాడినా అర్థం చేసుకునేవాళ్లు దొరుకుతారు, లేదంటే హిందీ ఉండనే ఉంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో తిరిగినవాళ్లకు ఇక్కడ కొత్తగా అనిపించేది తక్కువ. గ్రాఫిక్ కార్డ్, ప్రాసెసర్ రేట్లలో ఆన్‌లైన్‌కీ ఇక్కడికీ పెద్ద తేడా ఆశించొద్దు. ఈ రోడ్డు ఇచ్చే లాభం వేరే ఉంది: అన్నీ ఒకే రోజు చేతికొస్తాయి, కౌంటర్ మీదే వెలిగించి చూడొచ్చు, పని చేయనిది అక్కడికక్కడే మార్చుకోవచ్చు.

ఇక ఎస్ఎంపీఎస్. మొత్తం పీసీలో ఎక్కువ మోసపోయేది దీని దగ్గరే. పెట్టె మీద 650 అని పెద్దక్షరాలతో ఉంటుంది. దాన్ని చూడకండి. ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన పట్టికలో +12 వోల్ట్ గడి వెతకండి. ప్రాసెసరూ గ్రాఫిక్ కార్డూ తాగేది ఆ 12 వోల్టుల నుంచే. నిజమైన 650 అయితే ఆ గడిలో 54 ఆంపియర్ల దరిదాపుల్లో ఉండాలి (54 ఇంటూ 12, దాదాపు 650). అక్కడ 28 అని ఉంటే మీకు అందేది 336 వాట్లు. మిగతాది 3.3, 5 వోల్టుల లైన్లలో చూపించిన అంకెల గారడీ.

రైజెన్ 5 7600 ఎంత లోడ్ పడినా 88 వాట్ల దగ్గర ఆగుతుంది. ఆర్టీఎక్స్ 5060 టీఐ 180. బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ అన్నీ కలిపి ఇంకో 50, 60 వేసుకోండి. మొత్తం 330 దాటదు. అంటే నిఖార్సైన 550 దీనికి చాలు. పేరులేని 750 కంటే అది ఎన్నో రెట్లు మేలు. గ్రాఫిక్ కార్డ్ సగటున 180 తీసుకున్నా, క్షణంలో వెయ్యో వంతు పాటు అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. నాసిరకం ఎస్ఎంపీఎస్ ఆ కుదుపు తట్టుకోలేదు, ఆట మధ్యలో పీసీ టక్కున రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు అందరూ కార్డును అనుమానిస్తారు, డ్రైవర్లు మారుస్తారు, విండోస్ మళ్లీ వేస్తారు. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉంటే సరిపోతుందా అంటే చాలదు. ఆ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది. షార్ట్ అయితే బోర్డును కాపాడుతుందో లేదో చెప్పదు. దానికంటే వారంటీ ఎన్నేళ్లో చూడటం మంచి కొలత. ఐదేళ్లు ఇచ్చేదే తీసుకోండి. కేబుళ్లు విడిగా ఊడదీసే మాడ్యులర్ రకం తీసుకుంటే మరో జాగ్రత్త: ఒక కంపెనీ కేబుళ్లు ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌కి పెట్టొద్దు. ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది కానీ లోపల పిన్నుల వరస వేరు. ఎస్ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ ఒక్క క్షణంలో కాలిపోతాయి.

దీనికి తోకగా యూపీఎస్. వాన పడితే కరెంటు రెప్పవాల్చే ఏరియాల్లో ఉంటే తప్పదు. కొట్లో అలవాటుగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే. పై లెక్కకు మానిటర్ కలిపితే అది గేమ్ నడుస్తుండగా చేతులెత్తేస్తుంది. 1000 వీఏ, 600 వాట్లది అడగండి.

ర్యాము దగ్గర ఇప్పుడు పరిస్థితి బాగాలేదు. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ధరలు ఎగబాకాయి. పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండదనే మాటలో ఈసారి కొంత నిజముంది. అందుకే చీటీలో "16 జీబీ" అని ఒకే కర్ర (ర్యాము స్టిక్) రాస్తారు. ఒకే కర్రతో మెమరీ సగం వెడల్పులోనే నడుస్తుంది, ప్రాసెసర్ మీద భారం పడే ఆటల్లో ఫ్రేములు పడిపోతాయి. అలాగని రెండు 8లు కొనడం కూడా తెలివి కాదు. డీడీఆర్5లో 8 జీబీ కర్రలు మామూలుగా 16 జీబీ వాటికంటే కాస్త నెమ్మది, పైగా తర్వాత పెంచుకోవాలంటే రెండూ పక్కన పడేయాలి. డబ్బుంటే 16 జీబీవి రెండు ఒకే కిట్‌గా, 6000 స్పీడు, సీఎల్30 (ర్యాము స్పందించడంలో ఆలస్యానికి కొలత, తక్కువైతే మంచిది). లేదంటే ఇప్పటికి ఒక 16 తీసుకుని దాని పూర్తి పార్ట్ నంబర్ భద్రంగా రాసుకోండి. వేరేదానితో జత కలిస్తే అదృష్టం, కలవకపోతే వేగం తగ్గించుకోవడమే. నాలుగు స్లాట్లూ నింపాలన్న ఆశ ఏఎం5లో వదిలేయండి. నాలుగు కర్రలకు ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చేది 3600 స్పీడే.

కర్రలు రెండైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్లో ఒకటి, నాలుగో స్లాట్లో ఒకటి పెట్టాలి. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఎక్స్‌పో అనే ర్యాము వేగం సెట్టింగ్ ఆన్ చేయకపోతే 6000 కర్ర 4800లోనే నడుస్తూ ఉంటుంది. అసెంబుల్ చేసే కుర్రాళ్లు తొందరలో మరిచిపోయేది ఇదే. ఇంకో సంగతి: ఏఎం5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగా, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలుగుతూ కొన్ని నిమిషాలు అలాగే ఉంటుంది. అది మెమరీని సరిచూసుకుంటోంది. పాడైందని స్విచ్ ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

బోర్డు విషయంలో అన్నిటికంటే చవక రకమైన ఏ620 పెట్టి "ఏఎం5" అని రాయడం మామూలే. 7600కి మంచి ఏ620 సరిపోతుంది, అది నిజమే. కానీ చాలావాటికి ప్రాసెసర్ పక్కనున్న పవర్ భాగాల మీద హీట్‌సింక్ ఉండదు, ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాటు ఒకటే ఉంటుంది. ఏఎం5 సాకెట్‌ను 2027 వరకూ, ఆపైనా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. మూడేళ్ల తర్వాత 7800ఎక్స్3డీ లాంటి పెద్ద ప్రాసెసర్ పాతది దొరికితే వేసుకుందామనుకునేవాళ్లు పై రకం బోర్డు, బీ650 గానీ బీ850 గానీ తీసుకోవాలి. రైజెన్ 9000 సిరీస్ కొంటూ బీ650 ఎంచుకుంటే మాత్రం బయోస్ పాతది ఉండొచ్చు. వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే పెన్‌డ్రైవ్‌తో ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ అవుతుంది. మారతహళ్లి పీజీల్లో ఉండే మనవాళ్లు వైఫై ఉన్న బోర్డే తీసుకోండి. రూటర్ ఎక్కడో కింద అంతస్తులో, వైరు లాగనిచ్చే ఓనర్ ఇంకా పుట్టలేదు.

ప్రాసెసర్‌లో 7500ఎఫ్ చవగ్గా చూపిస్తారు. ఆటల్లో 7600కి దగ్గరగానే ఉంటుంది. ఆ "ఎఫ్" అంటే లోపల డిస్‌ప్లే లేదని. గ్రాఫిక్ కార్డ్ వారంటీకి వెళ్లి మూడు వారాలు రాకపోతే 7600 ఉన్నవాడు బోర్డుకు హెచ్‌డీఎంఐ తగిలించి ఆఫీసు పని చేసుకుంటాడు. ఎఫ్ ఉన్నవాడు డబ్బా చూస్తూ కూర్చుంటాడు. పైగా అది తరచూ ట్రే సరుకు, పెట్టె లేకుండా వస్తుంది. ట్రే ప్రాసెసర్‌కి ఏఎండీ నేరుగా వారంటీ ఇవ్వదు, అమ్మినవాడే దిక్కు. బాక్స్ 7600లో కూలర్ కూడా వస్తుంది, 7600ఎక్స్, 9600ఎక్స్‌లలో రాదు. సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 చవగ్గా కనబడితే చెయ్యి పెట్టకండి. వోల్టేజీ సమస్యకు ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ అనే సాఫ్ట్‌వేర్ సవరణ ఇచ్చింది కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అది బాగుచేయదు.

గ్రాఫిక్ కార్డ్ వరసలో పూర్తి పేరున్నట్టే కనబడుతుంది కానీ లేదు. 5060 టీఐ రెండు రకాలు, కార్డు సొంత మెమరీని బట్టి: 8 జీబీ, 16 జీబీ. ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అంతే. చీటీలో ఎన్ని జీబీలో రాయకపోతే 8 అనే అనుకోండి. 1080పీలో ఇ-స్పోర్ట్స్ ఆటలకు 8 చాలు. కొత్త భారీ ఆటల్లో టెక్స్చర్లు పెంచితే 8 నిండిపోయి, మిగతా సరుకు బోర్డు ర్యాములోంచి రావాలి. 5060 టీఐకి బోర్డుతో డేటా మార్చుకునే దారులు, అంటే లేన్లు, ఎనిమిదే. పాత బీ450 లాంటి పీసీఐఈ 3.0 బోర్డులో ఆ దారి ఇంకా ఇరుకై ఆట గతుకుల రోడ్డు మీద ఆటోలా నడుస్తుంది. ఉన్న డబ్బులో ఎక్కడైనా పెంచగలిగితే ఈ వరసలోనే పెంచాలి, ఆర్‌జీబీ ఫ్యాన్లు తగ్గించి అయినా సరే. పాత కార్డుల్లో ఆర్ఎక్స్ 580 పేరుతో 2048 షేడర్ల (లోపల బొమ్మ లెక్కలు వేసే యూనిట్ల) తగ్గింపు రకం తిరుగుతోంది, అసలుదానికి 2304 ఉండాలి. కౌంటర్లోనే జీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూపించమనండి.

ఎస్ఎస్‌డీలో బ్రాండ్, జెన్4 (వేగం తరం), టీఎల్‌సీ (లోపలి మెమరీ రకం) అని మూడు ముక్కలు చూసుకుంటే చాలు, దానికి సొంత డీర్యామ్ చిప్ లేకపోయినా ఆటలకు తేడా తెలియదు. కేబినెట్‌కి ముందు గాజు కాదు, జాలీ ఉండాలి. కేబినెట్‌తో వచ్చే ఫ్యాన్లకు పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్గు ఉంటే అవి ఎప్పుడూ ఒకే హోరుతో తిరుగుతాయి, బోర్డు మాట వినవు. 5 వోల్టుల ఆర్‌జీబీ లైట్లను 12 వోల్టుల పిన్నులకు బలవంతంగా తొయ్యొద్దు, మాడిపోతాయి.

అసెంబ్లింగ్ దగ్గర నిలబడి చూడండి, సిగ్గుపడక్కర్లేదు. ఏఎం5లో పిన్నులు సాకెట్లో ఉంటాయి. ప్రాసెసర్ పెట్టే ముందు సాకెట్‌ను ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయండి. పిన్ను వంగితే వారంటీ రాదు, ఎవరు వంచారన్న గొడవ మాత్రం వస్తుంది. నల్ల ప్లాస్టిక్ మూత పారేయనివ్వకండి, బోర్డు వారంటీకి పంపేటప్పుడు అది కావాలి. 7600తో వచ్చే చిన్న కూలర్ మరలతో బిగుస్తుంది. ముందు బోర్డు మీదున్న రెండు ప్లాస్టిక్ కొక్కేలు విప్పాలి, వెనక ప్లేటు ఊడదు. ఎం.2 హీట్‌సింక్ కింద జిగురు పట్టీ మీద సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని తీయకుండా బిగించేస్తారు. ఎస్ఎస్‌డీ చల్లబడాల్సిన చోట దుప్పటి కప్పినట్టు.

బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటారు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశ పుడుతుంది. వద్దు. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లులో ఉండాలి, లేకపోతే సర్వీస్ సెంటర్ కౌంటర్లో మీ మాటకు విలువుండదు. కార్డు గీకితే 2 శాతం అదనం అడిగే కొట్లున్నాయి, యూపీఐ పరిమితి ముందే చూసుకెళ్లండి. విండోస్ "ఫ్రీగా వేసిస్తాం" అంటే దొంగ కాపీ అనే అర్థం, ఖాళీగానే ఇమ్మనండి.

కట్టేసి ఇచ్చాక గ్రాఫిక్ కార్డ్‌ను మళ్లీ విప్పించి దాని డబ్బాలోనే పెట్టించుకోండి. టౌన్‌హాల్ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఆటోలో ఆ గుంతలకు, స్లాటులో వేలాడే కిలో బరువు కార్డ్ బోర్డును చీల్చగలదు. ఇంటికెళ్లాక "టక్" అనేదాకా నొక్కి, మానిటర్ వైరు బోర్డుకు కాకుండా కార్డుకే పెట్టి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ తీసి 144 ఎంచుకోండి.