స్టిక్కరు పూలకు పది శాతం అదనం

2021 అక్టోబరులో, యుద్ధానికి కొన్ని నెలల ముందు, ఉక్రెయిన్ వెళ్లాం. ఈ ధరలన్నీ అప్పటివే. హ్రివ్నియా అంటే అప్పట్లో దాదాపు 2.85 రూపాయలు. కీవ్‌లో అంతా సాఫీగా గడిచింది. అక్కడి నుంచి రాత్రి రైల్లో ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ చేరాం. మా మేనల్లుడు అక్కడ వైద్యవిద్య చదువుతున్నాడు.

హోటళ్ల లోపలి అలంకరణ నా వృత్తి. అందుకే కార్పాతియన్ కొండల్లో ‘అసలైన హుత్సుల్ ఇల్లు’ (హుత్సుల్‌లంటే ఆ కొండజాతి వాళ్లు) అని ప్రకటించుకున్న బసలో 1,400 హ్రివ్నియాలకు గది తీసుకున్నాను. భోజనశాల గోడల నిండా పెట్రికివ్‌కా పూలు. గోటితో గీరితే అంచు ఊడి వచ్చింది. స్టిక్కరు! పైగా ఆ చిత్రకళ ఈ కొండలదే కాదు, ఎక్కడో తూర్పున ద్నీప్రో ప్రాంతంలోని ఒక పల్లెది. పిల్లి వెంట్రుకల కుంచెతో చేత్తో వేసే ఆ పూలకు 2013లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. దేవుడి పటాల చుట్టూ వేలాడదీసే రుష్నిక్ అనే కుట్టుపని గుడ్డ ఇక్కడ పాలిస్టర్ మీద అచ్చు. ఇంటికి గుండెకాయ లాంటి మట్టి పొయ్యి ప్లైవుడ్డు పెట్టె. లోపల ఎర్ర బల్బు.

మాంసం వద్దని ముందే చెప్పినా మా ఆవిడ బోర్ష్ (బీట్‌రూట్ సూపు) గిన్నెలో పంది కొవ్వు తేలింది. అడిగితే, ‘ముక్కలు తీసేశాం కదా’ అన్నాడు మేనేజరు. గిన్నె 120 హ్రివ్నియాలు, దాని మీద సేవా రుసుము పది శాతం. ఆవిడ ఆ రాత్రి రొట్టె, ఊరగాయ దోసకాయలతో సరిపెట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

మాటలు మళ్లీ మొదలైంది అదే కొండల వైపున్న కోసివ్ అనే చిన్న ఊళ్లో, ఒక చిన్న పూటకూళ్ల ఇంట్లో. సున్నం వేసిన గోడలు, వాటి మీద ఒక్క చెక్క అర, అంతే. రంగంతా పళ్లేలలోనే ఉంది. తెల్లమట్టి పూత మీద గీతలు గీకి, ఆకుపచ్చ, పసుపు, గోధుమ రంగులు వేసి కాల్చే కోసివ్ కుండల పని అది. 2019లో యునెస్కో జాబితాకెక్కిన ఆ పళ్లేలను అద్దాల బీరువాలో దాచకుండా వాటిలోనే వడ్డించారు. ఏ రెండూ ఒకేలా లేవు. పగిలినప్పుడల్లా దగ్గర్లోని కుమ్మరి దగ్గర ఇంకోటి తెస్తానని మేనల్లుడి ద్వారా చెప్పింది యజమానురాలు. బెంచీల మీద లిజ్నిక్‌లు, అంటే యావొరివ్ వైపు నేసే బొచ్చు ఉన్ని దుప్పట్లు పరిచారు. కూర్చోవడానికి వెచ్చన, చప్పుడునూ అవే పీల్చుకుంటాయి. గది నిండా జనం ఉన్నా గొంతు పెంచాల్సిన పని పడలేదు. మన దగ్గర ఇదే పనికి ఖరీదైన పలకలు బిగిస్తాం.

పుల్లటి మీగడలో మొక్కజొన్న పిండి ఉడికించే బనోష్ 75 హ్రివ్నియాలు. పంది ముక్కలు లేకుండా, పుట్టగొడుగులు, గొర్రె జున్నుతో ఇచ్చారు. ఆవిడ మారు వడ్డించుకుంది.

కోసివ్ వెళ్తే శనివారమే వెళ్లండి, సంత ఆ రోజే. తెల్లవారకముందే చేరాలి, చేతిలో నగదు ఉండాలి. నిద్ర చెడిందని మేనల్లుడు దారి పొడవునా సణిగాడు. పళ్లెం 250 చెప్పి 180కి ఇచ్చారు. లిజ్నిక్ 1,800 దగ్గర ఒక్క హ్రివ్నియా కూడా దిగలేదు. విజయవాడ ఎండల్లో దీన్ని ఎవరు కప్పుకుంటారని అడిగింది మా ఆవిడ. ఖాతాదారు కోసమని చెప్పి కొనేశాను.